అన్న ఉంటే పదిహేను మార్కులు

“అక్కడ రిజర్వేషన్లు నడవయి తమ్మీ. అక్కడంత మెరిటే.”

ఈ మాట నాకు నారాయణగూడలో ఒక కన్సల్టెన్సీల దొరికింది. అక్కడ ఫీజు లేకుండ దొరికింది ఇదొక్కటే. నా సర్టిఫికెట్ల కట్ట విప్పంగనే పైన కుల ధ్రువీకరణ పత్రం కనబడ్డది. ఆయన దాన్ని రెండు వేళ్లతోటి ఎత్తి పక్కన పెట్టి, నవ్వుకుంట ఆ మాటన్నడు. మాదిగోళ్లకు రెండు వేళ్ల మర్యాద కొత్త కాదు. నా పేచీ ఆ మాట మీద. ఎందుకంటే అది ఆయనొక్కడి మాట కాదు. చిక్కడపల్లి చాయ్ బండ్ల కాడ, ఆఫీసు లిఫ్టులల్ల, పెండ్లి పందిళ్లల్ల, నాతోటి చదివినోళ్ల నోళ్లల్ల అదే మాట. ఇక్కడ రిజర్వేషన్ల వల్ల వాళ్ల తెలివికి అన్యాయం జరిగిందట. అందుకే దేశం దాటిపోయిన్రట. విమానం ఎక్కితే కులం రాలిపోయి మెరిటొక్కటే మిగులుతదట.

సరే, ఆ మెరిటేందో చూద్దామని కెనడా సర్కారు లెక్కను మొదటి నుంచి చివరిదాకా చదివిన. 2015 జనవరి నుంచి నడుస్తున్న ఈ పద్ధతి పేరు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. నైపుణ్యం గల పనోడిగా పోయి శాశ్వతంగా అక్కడ ఉంటానంటే నిన్ను 1,200 మార్కుల త్రాసుల తూస్తరు. నా వయసు 31 ఏండ్లకు 99. నా బీటెక్కు 120. ఇంగ్లీషుకు 124. చదువు, ఇంగ్లీషు కలిస్తే ఇంకో 25. మూడేండ్ల ఉద్యోగం, ఇంగ్లీషు కలిస్తే 50. మొత్తం 418. ఆ 124 కోసం ఐఈఎల్‌టీఎస్‌ల వినుడుకు ఎనిమిది, చదువుడు, రాసుడు, మాట్లాడుడుకు ఏడేడు రావాలె. పదో తరగతి దాకా సర్కారు బడిల తెలుగు మీడియం చదివినోణ్ని. తెచ్చుకున్న. కోచింగుల సారు నా యాసకు ‘మాతృభాష ప్రభావం’ అని పేరు పెట్టిండు. కోనసీమ నుంచొచ్చిన ఆయన యాసకేం పేరో నేనడగలే.

2024ల అందరికీ కలిపి తీసిన డ్రాలల్ల కోత 500 పైననే ఆగింది. నాకు 418. “చూసినవా, మెరిటు సాల్లేదు” అంటరు. తొందరపడకుండ్రి. ఆ లెక్కల ఇంకో అంకె ఉన్నది.

కెనడాల నీ తోడబుట్టిన అన్నో అక్కో పౌరులుగానో శాశ్వత నివాసులుగానో ఉంటే నీకు 15 మార్కులు. పరీక్ష లేదు. ఇంటర్వ్యూ లేదు. నువ్వు చెయ్యవలసిందొక్కటే, సరైన తల్లి కడుపున పుట్టుడు. మెరిటు బాబులారా, దీన్ని తెలుగుల ఏమంటరు? పుట్టుకను బట్టి ఇచ్చే మార్కును మీరు డెబ్బై ఐదేండ్ల నుంచి ఏ పేరుతోటి తిడుతున్నరు? నా పక్క కుర్చీల కూసున్న పిలగాడు ఇద్దరన్నల దాంట్ల ఒకన్ని టొరంటోల పెట్టుకొని ఆ పదిహేను మార్కులు ఏసుకున్నడు. ఎవ్వడు ఆయన మొఖం దిక్కు అదోలా చూడలే. ‘కోటా కాండిడేటు’ అనలే.

ఆ అన్న అక్కడికెట్ల పోయిండో కూడ చెప్పుకోవాలె. 1965ల అమెరికా చట్టం మారింది. 1967ల కెనడా మార్కుల పద్ధతి తెచ్చింది. అంతకుముందు తెల్ల తోలు చూసి రానిచ్చేటోళ్లు. 1914ల కొమగాట మారు ఓడల వాంకూవర్ దాకా పోయిన 376 మందిల ఇరవై మందికి పైన మాత్రమే దిగనిచ్చి, మిగిలినోళ్లను ఓడతోటే ఎనుకకు తోలిన్రు. ఆ అన్యాయం పోయి చదువును తూసే కాలం వచ్చినంక మన దిక్కు నుంచి ముందుగాల విమానమెక్కిందెవరు? 1850లల్ల కట్టిన ఆనకట్టల నీళ్లు ఎవరి పొలాలకు పారినయో వాళ్లు. 1918ల హైదరాబాదుల రెడ్డి హాస్టలు లేచింది. చదువుకునే తమ పిలగాండ్లకు గూడు కట్టుకునుడు తప్పని నేననను. మా భాగ్యరెడ్డి వర్మ కూడ 1906ల జగన్మిత్ర మండలి పెట్టి, ఆనక మా పిల్లలకు బడులు నడిపించిండు. కాని ఆ హాస్టళ్ల ఎనుక వందల ఎకరాలున్నయి. ఈ బడుల ఎనుక చందా పుస్తకం ఉన్నది. 2003ల పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అంచనాల అమెరికాకు పోయిన భారతీయులల్ల దళితులు, కింది కులాలోళ్లు కలిపి నూటికి ఒకటిన్నర మందే తేలిన్రు. ఆ నూటికి ఒకటిన్నరల మా అన్నను ఎతుకుమంటరా?

ఇంక పైసల సంగతి. ఒంటరి మనిషైతే 15,263 కెనడా డాలర్లు చూపియ్యాలె. ఇది 2025 జూలై లెక్క. మన పైసలల్ల తొమ్మిదిన్నర లక్షల దాకా. ఆర్నెల్ల సంది బ్యాంకుల ఎంతున్నదో బ్యాంకోడు కాయితం రాసియ్యాలె. ఎవరి దగ్గరనన్న అప్పు తెస్తే చెల్లదు. ఇల్లు, భూమి చూపిస్తే చెల్లదు, అమ్మి పైసలు చేసుకోవాలె. న్యాయంగనే కనిపిస్తది. కొత్త దేశంల దిగినోడు మొదటి నెలల ఆకలికి చావొద్దని పెట్టిన షరతు అది. కాని షరతు రాసినోనికి నల్లగొండ తెల్వదు.

మా నాయినకు ఎకరం ముప్పై గుంటల భూమున్నది. సర్కారు ఇచ్చిన అసైన్డు భూమి. దాని పక్కనున్న పట్టా భూముల ధర కోటి దాటింది. ఆ పక్క భూమోని కొడుకు ఇరవై గుంటలు అమ్ముకొని షరతు తీర్చిండు. మేము అమ్మలేం. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్ముడు, కొనుడు చెల్లదు. ఆ చట్టం మా మంచికే వచ్చింది, దొరలు సారా సీసకు రాయించుకోకుంట. దాన్ని తీసెయ్యుమని నేననను. తీసేస్తే ఏడాదిల మా వాడల గుంట మిగలదు. కాని తమాషా చూడుండ్రి. ఒకే గట్టు, ఒకే మట్టి, ఒకే వాన. గట్టుకు అవతలి భూమి విమానం టికెటు అయితది. ఇవతలిది జొన్నచేనే అయితది. త్రాసుల ఇద్దరినీ ఒక్క తీరుగనే పెట్టిన్రు, కులం కాలమ్ కూడ లేదు. గట్టు సంగతి మాత్రం త్రాసుకు తెల్వదు.

వయసు సంగతి కూడ అంతే. ఇరవై తొమ్మిది దాకా 110 మార్కులు. ముప్పైకి 105, ముప్పై ఒకటికి 99, ముప్పై రెండుకు 94. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దుగాల ఆరింటికి పోయి చూడుండ్రి, గేటు తెరవకముందే సంచులు వరుసల ఉంటయి. మా అశోక్‌నగర్ గదిల నలుగురం. ముగ్గురు గ్రూపు పరీక్షలోళ్లే. 2022ల 503 పోస్టులకు గ్రూప్-1 పడ్డది. ఆ అక్టోబరుల రాసిన ప్రిలిమ్స్ పేపరు లీకై 2023 మార్చిల రద్దయింది. జూన్‌ల మళ్ల రాసిన్రు. సెప్టెంబరుల హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతోటి కొత్తది ఇచ్చిన్రు. ఈ రెండేండ్లు మా గదిలోళ్లు అటుకులు తినుకుంట ఇండియన్ పాలిటీ చదివిన్రు. తండ్రి పైసలున్నోనికి రెండేండ్లంటే ఒక మాస్టర్స్ డిగ్రీ. మావోళ్లకు పోయిన మార్కులు. ఒక్కటే కాలం, ఒకనికి కూడికల, ఒకనికి తీసివేతల.

ఇంక నైపుణ్యం. ఈ మాట దగ్గరనే నేను చానసేపు ఆగిన.

మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. మా నాయిన చెప్పులు కుట్టిండు, డప్పు మూసిండు. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి సున్నంల నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లల్ల ఊరబెట్టి, ఎండ ఎక్కువైతే పగులుతది, తక్కువైతే కుళ్లుతది అని చెయ్యి పెట్టి చూసి చెప్పేటోడు. గీత గీయకుండ కోస్తే ఎడమ కాలు, కుడి కాలు తూచినట్టు వచ్చేది. ఈ పనిని మీ పురాణాలు నైపుణ్యం అనలే, అంటు అన్నయి. లంద వాసన అన్నయి. కుట్టిన చెప్పు తొడుక్కొని కుట్టినోన్ని చెప్పులిడిచి పొమ్మన్నయి.

కెనడా వృత్తుల జాబితా తిరగేస్తుంటే ఒక నంబరు కాడ నా కండ్లు నిలబడ్డయి. 63220. చెప్పులు కుట్టేటోళ్లు, బాగు చేసేటోళ్లు. దాన్ని మూడో తరగతి పనిల పెట్టిన్రు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి సున్న నుంచి మూడు దాకా అన్నీ నైపుణ్యం గల పనులే. అంటే ఆ కాయితం ప్రకారం మా నాయిన నైపుణ్యం గల కార్మికుడు! ఊళ్లె యాభై ఏండ్లల్ల ఎవ్వడూ అనని మాట, సముద్రాల అవతల ఒక గుమాస్తా పట్టిక రాసుకుంట అన్నడు. నాయినకు ఫోన్ చేసి చెప్పిన. “గాడ గూడ తంగేడు చెట్లుంటయా?” అన్నడు.

అయితే ఆ పనికి రుజువు కావాలె. ఏడాది పని, 1,560 గంటలు, జీతానికి చేసింది. కంపెనీ లెటర్‌హెడ్డు మీద చేసిన పనులు, వారానికి గంటలు, జీతం రాసి సంతకం పెట్టాలె. మా నాయినకు ఎవరు రాసిస్తరు? కల్లం కాడ మేర గింజలు తట్టల పోసిన దొర లెటర్‌హెడ్డు మీద రాస్తడా? వెట్టికి గంటల లెక్కుంటదా? నాయిన సంగతి పక్కన పెట్టండి, నాదీ అంతే. బీటెక్కు అయినంక నేను చేరిన మొదటి చోట “అనుభవం కావాలంటే ఆర్నెల్లు ఊరికే చెయ్యాలె” అన్నరు. దాని పేరు ఇంటర్న్‌షిప్పు. పొద్దటి నుంచి రాత్రి తొమ్మిది దాకా చేసిన. ఆ ఆర్నెల్లకు జీతం స్లిప్పు లేదు కాబట్టి త్రాసుల దాని బరువు సున్న. వెట్టికీ, ఇంటర్న్‌షిప్పుకూ తేడా ఏందంటే దీనికి మెడల ఐడీ కార్డు ఏసిన్రు.

మావోళ్లల్ల కొందరు ఇంకో దిక్కు నుంచి తగులుకుంటరు. “చదువుకున్నోళ్లు ఎల్లిపోతే జాతికెవరు దిక్కు? ఊరిని విడిచి పోతవా?” అని. అన్నలారా, నేను ఊరిని విడుస్తలేను. ఊరు నన్ను ఎన్నడు పట్టుకున్నది? అశోక్‌నగర్‌ల గది కిరాయికి అడగబోతే టూలెట్ బోర్డు ఉన్న ఇంటి గేటు కాడ్నే “మీరేమిట్లు?” అని అడిగిన్రు. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి ఊరికొచ్చిన కానిస్టేబులు “ఏ వాడ?” అనడిగినంకనే పెన్ను తీసిండు. కాయితంల ఆ కాలమ్ లేకున్న నోట్ల ఉన్నది. అంబేద్కర్ 1913ల కొలంబియాకు పోయిండు. చదువుకొని 1917ల బరోడాకు కొలువుకొస్తే తల దాచుకోను ఇల్లు దొరకలే. పేరు దాచి పార్సీ సత్రంల ఉంటే కట్టెలు పట్టుకొని ఎల్లగొట్టిన్రు. ఆ అనుభవాలు రాసుకున్న పుస్తకానికి ఉన్న పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. 1990ల అచ్చయింది. పుట్టిన దేశంల ఉండనీకె వీసా దొరకనోన్ని, ఇంకో దేశం వీసా ఎందుకని అడుగుతరా?

అక్కడ కులం లేదనే భ్రమ నాకు లేదు. మెరిటు బాబులు పెట్టెలల్ల పచ్చళ్లతోటి పాటు దాన్నీ తీస్కపోయిన్రు. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ పాస్ చేసిన బిల్లును గవర్నర్ న్యూసమ్ అక్టోబరుల వీటో చేసిండు. అంటారియో మానవ హక్కుల కమిషను అదే నెలల కుల వివక్ష కూడ తమ చట్టం కిందికే వస్తదని విధానం ప్రకటించింది. కులం లేని చోట ఇన్ని కొట్లాటలెందుకైతయి? తేడా ఒక్కటే. ఊళ్లె పంచాయితి పెట్టేది దొర. అక్కడ కమిషను ముందు నిలబడి నా పేరు నేను చెప్పుకోవచ్చు. ఆ తేడా కోసమే నేను దరఖాస్తు పెట్టిన.

ప్రొఫైలు పన్నెండు నెలలే చెల్లుతది. మళ్ల ఎక్కిస్త. వచ్చే నెలల నాకు ముప్పై రెండు పడ్తయి, అయిదు మార్కులు పోతయి. 413. ఫ్రెంచి వచ్చినోళ్లకు వేరే డ్రా తీస్తున్నరు, 2025 మార్చిల ఒకసారి కోత 379కి దిగింది. అందుకని నాలుగు నెలల నుంచి పొద్దుగాల లైబ్రరీల ఫ్రెంచి చదువుతున్న. ఆ భాషల దొర కొడుకు కూడ నాతోటే ఓనమాల కాడ ఉన్నడు. పోయిన వారం క్రియలల్ల నాకు ఇరవైకి పదిహేడు వచ్చినయి, ఆయనకు పదకొండు.