జుట్టుకు రంగేస్తే చెడిపోయినట్టా? చేత్తో కార్డు చేసిస్తే డబ్బుల్లేనట్టా?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన హాస్టళ్లలో రెండు మాటలు తరచుగా వింటున్నా. ఎవరైనా జుట్టు చివర్లకు ఎరుపో నీలమో వేసుకుంటే, "చదువుకోమని పంపితే ఈ వేషాలేంది" అంటారు. ఎవరైనా ఫ్రెండ్ పుట్టినరోజుకి చేత్తో కార్డు చేసి ఇస్తే, "పాపం, డబ్బుల్లేక చేసింది" అంటారు. మొదటిదాంట్లో మనం ఎక్కువ చేస్తున్నామంట, రెండోదాంట్లో తక్కువ చేస్తున్నామంట. నాకైతే రెండూ ఒకటే మాటలా వినిపిస్తాయి. ట్రైబల్ హాస్టల్ పిల్లలు ఎలా కనపడాలో, ఏం ఇవ్వాలో వేరేవాళ్లే నిర్ణయిస్తాం అనే మాట.

నేను కోయ అమ్మాయిని. ఇరవై ఏళ్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. నా జుట్టు నల్లగానే ఉంది, కాబట్టి నన్ను నేను వెనకేసుకొస్తున్నా అనుకోవద్దు. కార్డులు మాత్రం చేస్తాను.

ముందు జుట్టు సంగతి. నాకు తెలిసిన ఒక హాస్టల్లో ఒకమ్మాయి సెలవుల్లో బర్గండీ కలర్ వేసుకుని వచ్చింది. ఎండలో నిలబడితే తప్ప కనపడని రంగు అది. రోల్ కాల్‌లో అందరి ముందు నిలబెట్టి, "మీ అమ్మ కూలికి పోతుంటే నీకు సోకులా" అని అడిగారు. అదే రంగు వేసుకున్న డే స్కాలర్ అమ్మాయిలు ఆ కాలేజీలోనే చాలామంది ఉన్నారు. వాళ్లది ఫ్యాషన్ అయింది, ఈ అమ్మాయిది బరితెగింపు అయింది. ఇద్దరి తలలోనూ అదే డబ్బా రంగు. మరి తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇంకొందరు మన పెద్దవాళ్లే, "ఇది మన సంస్కృతి కాదు" అంటారు. రంగుకీ తలకీ మన దగ్గర సంబంధం లేదా? కొమ్ము కోయ ఆటలో మన మగవాళ్లు తలమీద కొమ్ములు, నెమలీకలు పెట్టుకుంటారు. ఆదిలాబాద్ వైపు దండారి వస్తే గోండు అన్నలు పెద్ద నెమలి పింఛాల టోపీ పెట్టుకుని గుస్సాడీ ఆడతారు. ఆ ఆటకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. బంజారా అమ్మమ్మలు చెంపల పక్క జుట్టుకు వేలాడదీసే వెండి ఘుగ్రీలు, అద్దాల కుట్టుపని చూడండి. ఆ రంగుల ముందు మన బర్గండీ ఎంత? అయితే గుస్సాడీ టోపీ పెట్టుకోవడం దైవకార్యం, దానికి నియమాలుంటాయి. పార్లర్ రంగూ అదీ ఒకటే అని నేను అనట్లేదు. నలుగురిలో రంగుగా కనపడటానికి సిగ్గుపడే జాతి కాదు మనది అంటున్నా, అంతే.

జుట్టు మీద పెత్తనం చిన్న విషయం కాదు. అమెరికాలో 1879లో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూలు పెట్టారు. అక్కడి ఆదివాసీ పిల్లలను తీసుకొచ్చి "నాగరికులను" చేయడానికి. వచ్చిన పిల్లలకు మొదట చేసిన పనుల్లో జుట్టు కత్తిరించడం ఒకటి. అలాంటి మరో స్కూల్లో చదివిన జిట్కాలా-షా అనే ఆదివాసీ రచయిత్రి తన చిన్నప్పటి సంగతి 1900లో రాసింది. జడ కత్తిరిస్తారని తెలిసి మంచం కింద దాక్కుంటే, బయటకు లాగి కుర్చీకి కట్టేసి మరీ కత్తిరించారంట. అది ఎక్కడో, ఎప్పుడో జరిగింది అనుకోకండి. 2024 నవంబరులో మన అల్లూరి జిల్లాలోనే ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో శిక్ష పేరుతో పిల్లల జుట్టు కత్తిరించారని పేపర్లలో వచ్చింది. అందుకే రోల్ కాల్‌లో జుట్టు గురించి ఒక మాట అన్నా నేను తేలిగ్గా తీసుకోలేను. హాస్టల్‌కి టైముకి రావాలి, మెస్ శుభ్రంగా ఉండాలి, అటెండెన్స్ ఉండాలి. ఈ రూల్స్ ఒప్పుకుంటా. నెత్తిమీద వెంట్రుక ఏ రంగులో ఉండాలో మాత్రం రూల్ కాదు.

ఇప్పుడు అమ్మల భయం గురించి. వార్డెన్ మాట వేరు, అమ్మ మాట వేరు. "ఊర్లో నలుగురు ఏమనుకుంటారు" అని అమ్మ అంటే దాని వెనక లెక్క ఉంది. మనల్ని పంపినందుకు ఊరు ఆమెనే అడుగుతుంది. ఒక్క పిల్ల జుట్టు చూపించి ఇంకో నాలుగిళ్ల ఆడపిల్లల్ని టెన్త్‌తో ఆపేస్తారు. ఈ భయం నిజం. అందుకని అమ్మతో వాదనకు దిగొద్దు. ముందే ఫోన్ చేసి చెప్పండి. ఎందుకు వేసుకోవాలనుందో, ఎంత ఖర్చో, ఎన్నాళ్లుంటుందో చెప్పండి. వద్దంటే కొన్నాళ్లు ఆగండి. ఆగితే మనకు పోయేదేం లేదు. ఇంకోటి, స్కాలర్‌షిప్ డబ్బులు పడగానే పార్లర్‌కి పోయి వేలు పెట్టడం మాత్రం నాకూ నచ్చదు. పరీక్ష ఫీజు కట్టాక మిగిలితే చూద్దాం.

వేసుకునేవాళ్లు కొన్ని సంగతులు తెలుసుకుని వేసుకోండి. మన నల్ల జుట్టు మీద నీలం, పింక్ నేరుగా కనపడవు. ముందు బ్లీచ్ చేసి నలుపు తీయాలి. బ్లీచ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. అది వెంట్రుకలోని రంగుతోపాటు బలాన్నీ తీసేస్తుంది, జుట్టు పీచులాగా తెగుతుంది. కాబట్టి హాస్టల్ బాత్రూంలో యూట్యూబ్ చూసి మొత్తం తలకు బ్లీచ్ కొట్టొద్దు. నల్ల రంగుల్లో, బజార్లో "నల్ల మెహందీ" అని అమ్మేవాటిలో చాలావాటికి పీపీడీ అనే కెమికల్ ఉంటుంది. అది కొందరికి పడదు, మొహం వాచిపోతుంది. అందుకే చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. దురద, మంట వస్తే ఆ ప్యాకెట్ పక్కన పడేయండి. కనుబొమ్మలకు అస్సలు వద్దు. మొదటిసారి అయితే హెయిర్ చాక్ వాడండి, తలస్నానం చేస్తే పోతుంది. లేదా రంగు పాయల క్లిప్పులు పెట్టుకోండి. సాయంత్రం తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు, అమ్మకూ కోపం రాదు.

ఇక కార్డులు, గిఫ్టులు. హాస్టల్లో పుట్టినరోజు అంటే ఇప్పుడు తలా కొంత వేసుకుని కేక్, స్ప్రే, రాత్రి పన్నెండింటికి ఫోటోలు. ఇవ్వలేని అమ్మాయి ఆ రోజు తలనొప్పి అని చెప్పి ముసుగేసుకుని పడుకుంటుంది. ఇలా పడుకున్నవాళ్లు ప్రతి హాస్టల్లో ఉన్నారు, మనకు తెలుసు. చేత్తో చేసిన కార్డు ఆ అమ్మాయిని కూడా ఆ గదిలోకి రానిస్తుంది. అందుకే అది చిన్న వస్తువు కాదు.

సామాను మన దగ్గరే ఉంది. ఒక చార్ట్ పేపర్, పాత చీర అంచు ముక్కలు, చింతగింజలు, ఎండిన అడ్డాకు. మోదుగ పూలు ఎండబెట్టి ఉడికిస్తే పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది, మనింట్లో అందరికీ తెలిసిందే. ఈ రెండు రంగులతో కార్డు మీద ఏమైనా వేయొచ్చు. గురివింద గింజలు మాత్రం అందంగా ఉన్నాయని అంటించొద్దు. అవి విషం. చిన్నపిల్లలున్న ఇంటికి అసలే ఇవ్వొద్దు.

ఇంకో జాగ్రత్త. మన ఇలవేల్పుల పడిగెల మీద బొమ్మలుంటాయి కదా, అవి బాగున్నాయని కాపీ కొట్టి కార్డుల మీద వేసి అమ్మొద్దు. అవి ఒక్కో గోత్రానికి చెందినవి, పెద్దల్ని అడగాలి. చెట్టు, నెమలి, డోలు, మన ఇల్లు, మన వాగు వేసుకుందాం. అవి అందరివీ.

రెండో మాట ధర గురించి. కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్ పెడితే, "నువ్వే చేస్తావు కదా, నాకో రెండు ఊరికే ఇవ్వు" అంటారు. ఫ్రెండ్‌కి ప్రేమతో ఇచ్చేది వేరు, అడిగి చేయించుకునేది వేరు. పేపర్ ఖర్చు రాసుకోండి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి, రెండూ కలిపి ధర చెప్పండి. మన అమ్మమ్మలు అల్లిన బుట్టలు, కుట్టిన రవికలు సంతలో కారుచౌకగా పోవడం చూశాం. "చేతిపనే కదా" అనే మాట వాళ్ల దగ్గర మొదలైంది. మన దగ్గరైనా ఆగాలి.

పడిగె గురించి ఒక సంగతి చెప్పి ముగిస్తా. పడిగె మీద కథ బొమ్మల్లోనే ఉంటుంది. డోలీ వాళ్లు ఆ గుడ్డ విప్పి, బొమ్మలు చూపిస్తూ గోత్రం కథంతా పాడతారు. అలా పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంటే అక్షరం చదవడం రానివాళ్లకు కూడా కథ అందే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మనలో చాలామంది అమ్మలకు చదవడం రాదు. మనం పెట్టే వాట్సాప్ స్టేటస్ వాళ్లకు అర్థం కాదు, బజార్లో కొన్న ఇంగ్లీషు కార్డు అసలే అర్థం కాదు. బొమ్మలతో చేసిన కార్డు అయితే అమ్మ తనే చదువుకుంటుంది.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి గ్రూపులో ఒక పని చేద్దాం. ప్రతి ఒక్కరం ఇంటికి ఒక కార్డు చేసి పంపుదాం, ఒక్క అక్షరం లేకుండా. హాస్టల్, క్లాసు, మనం తినే అన్నం, మన ఫ్రెండ్స్, అన్నీ బొమ్మల్లో. జుట్టుకు రంగేసుకున్నవాళ్లు ఆ బొమ్మలో కూడా అదే రంగు వేయండి. అమ్మకు దాచి పెట్టాల్సిన పని కాదు కదా అది.

మీరేమంటారో కింద రాయండి. వద్దనేవాళ్లు కూడా ఎందుకు వద్దో రాయండి, చదువుతాను.

జోహార్.