చూడని బండికి అడ్వాన్సు
2023 జులైలో హార్లే డేవిడ్‌సన్ ఎక్స్440 వచ్చినప్పుడు, ఇంకా రోడ్డు మీద నడిపి చూడని బండికి ఐదేసి వేలు కట్టి జనం ఎగబడ్డారు. నెల తిరిగేసరికి బుకింగులు 25 వేలు దాటాయి, తయారుచేసే హీరో మోటోకార్ప్ ధర 10,500 రూపాయలు పెంచేసింది, బళ్లు చేతికందింది మాత్రం అక్టోబరులో. ముందు కట్టినవాడికి పాత ధర దక్కింది కదా అంటారు. దక్కింది, కాదనను. కానీ కంపెనీకి కావలసింది మన ఐదు వేలు కాదు. మన ఊరు, మనం టిక్కు పెట్టిన రంగు, వేరియంటు. ఏవి ఎన్ని చేయాలో, ఎక్కడికెన్ని పంపాలో దాంతో తేలిపోతుంది. ఆ సర్వేకి మనమే ఎదురు డబ్బిస్తున్నాం! మనకేమో ఫోన్లో ఫొటోలు. కాళ్లు నేలకు ఆనుతాయో లేదో, 190 కిలోల బండిని ఇరుకు సందులో వెనక్కి నెట్టగలమో లేదో ఏ ఫొటో చెబుతుంది? ఎక్స్‌షోరూం ధరకు లైఫ్ ట్యాక్సు, అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కలిపాక కొటేషన్ చూస్తే గుండె గుభేలే. వెనకటివాళ్లు చేతక్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నారంటే, లైసెన్సుల రాజ్యంలో వాళ్లకు వేరే దిక్కులేదు. ఇప్పుడా కరువు లేదు. కట్టాలనే ఉంటే, వద్దనుకున్నప్పుడు సొమ్ము పూర్తిగా వాపసిస్తామని రసీదు మీద రాయించుకుని కట్టండి, అదీ టెస్ట్ రైడ్ అయ్యాకే.