డెంగీ నెగటివ్ వస్తే?

హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా మన మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్స్ ఎంత?" డెంగీ నెగటివ్ అనగానే పారాసిటమాల్‌తో సరిపెట్టేస్తాం. నన్నడిగితే అసలు వెతకాల్సింది అప్పుడే. ప్లేట్‌లెట్స్ స్క్రబ్ టైఫస్‌లోనూ పడిపోతాయి.

పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే పురుగు కుడితే వస్తుందిది. (గోమారికి చుట్టమే, కానీ కంటికి ఆనదు.) కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు, పైగా చంకలోనో నడుం దగ్గరో దాక్కుంటుంది. కొందరికి అసలు కనిపించదు కూడా. అందుకే ఐదో రోజుకీ జ్వరం తగ్గకపోతే ఐజీఎం ఎలైజా పరీక్ష గురించి డాక్టర్ని అడగాలి. అమాక్సిసిలిన్ దీనిమీద పనిచేయదు. పనిచేసేది డాక్సీసైక్లిన్, చవకైన మందే. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్ట్ కోసం ఆగకుండా డాక్టర్లు మొదలుపెట్టేస్తారు, అదే సరైన పని. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

డాక్టరు చొక్కా విప్పమంటే సిగ్గుపడకండి. అడక్కపోతే ఆ పొక్కు మీరే చూపించండి.