ట్రక్కు హబ్బులు విప్పి చూడండి

కోతల ముందు ట్రాక్టరుకు చేసే సేవలో పదో వంతు కూడా దాని వెనక తగిలించే ట్రక్కుకు చెయ్యరు. ఇంజన్ ఆయిలు మారుస్తారు, ఎయిర్ ఫిల్టరు దులుపుతారు, క్లచ్చు సరిచూస్తారు. ట్రక్కు దగ్గరికొచ్చేసరికి టైర్లలో గాలి ఉందా, తలుపు కొక్కేలు పడుతున్నాయా అని చూసి వదిలేస్తారు. బరువంతా మోసేది మాత్రం ఆ ట్రక్కే. ఉయ్యూరు చుట్టుపక్కల పల్లెల ట్రాక్టర్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఏడాదికొకసారి, సీజను మొదలుకాకముందే, ప్రతి ట్రక్కు హబ్బులూ విప్పి బేరింగులు కడిగి చూడాలని నేను గట్టిగా అంటాను. చక్రం అరిచినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసే పని కాదిది.

75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే నాలుగున్నర టన్నులు. చెరకైతే ఇంకా ఎక్కువే ఎక్కిస్తారు. రెండు చక్రాల ట్రక్కులో ఈ బరువు కొంత ట్రాక్టరు హుక్కు మీద పడుతుంది, మిగతాదంతా రెండు హబ్బుల్లోని నాలుగు బేరింగులే మొయ్యాలి. ఒక్కో హబ్బులో లోపలివైపు పెద్దది, బయటివైపు చిన్నది ఉంటాయి. వాటిలో రోలర్లు ఏటవాలుగా కూర్చుంటాయి. అమెరికాలో గుర్రబ్బండ్లు తయారుచేసిన హెన్రీ టింకెన్ 1898లో పేటెంటు తీసుకున్న రకం ఇది. పైనుంచి పడే బరువునే కాదు, మలుపులో చక్రాన్ని పక్కకు నెట్టే ఒత్తిడిని కూడా కాస్తుంది. చేలోంచి డొంకలోకి, డొంకలోంచి కరకట్ట మీదికి మెలికలు తిరిగే మన బండ్లకు ఇంతకన్నా తగినది లేదు. కానీ సీలు చెడినా, గ్రీజులో నీళ్లు కలిసినా, నట్టు బిగువు తప్పినా ఆ బేరింగు ఎంతో కాలం నిలవదు.

మా వైపు ఎక్కువగా చూసేది నీళ్ల దెబ్బే. ధాన్యం దింపి వచ్చిన ట్రక్కును నేరుగా కాలవలోకి దింపి కడుగుతారు. అంత దూరం తిరిగొచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. చన్నీళ్లు తగిలేసరికి లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుపోయి, సీలు అంచు సందులోంచి బయటి నీటిని లోపలికి లాగేస్తుంది. ఆ నీళ్లు గ్రీజులో కలిసి అది మజ్జిగలా తెల్లగా అవుతుంది. తర్వాత వానాకాలమంతా ఆ ట్రక్కు చింతచెట్టు కింద కదలకుండా ఉంటుంది. ఒక్కో రోలరు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, రోలర్లు దొర్లే బయటి ఉక్కు కప్పు మీద తుప్పు గీత పడుతుంది. అలాంటి కప్పు విప్పి చూస్తే రోలర్ల మధ్య ఎంత ఎడం ఉందో అంతే ఎడంతో నల్లటి చారలు వరసగా కనిపిస్తాయి. మళ్లీ బరువెక్కాక ఆ చారల దగ్గరే ఉక్కు పెచ్చులుగా లేస్తుంది.

కిందటి సీజన్లో ఒక పెద్దాయన ట్రక్కు తెచ్చారు. టైరు మార్చాలన్నారు. చక్రం పైకి లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే లొడలొడలాడింది.

“హబ్బు విప్పుదాం బాబాయ్,” అన్నాను.

“చక్రం తిరుగుతోందిగా అబ్బాయ్, ఇంకేం చూస్తావు? మొన్ననే గన్నుతో గ్రీజు కూడా కొట్టించా.”

“తిరగడం తిరుగుతోంది బాబాయ్. లోపల ఎలా ఉందో ఒకసారి చూడండి.”

ట్రక్కును ట్రాక్టరుకే తగిలించి ఉంచాం. అవతలి చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇరుసు కింద మొద్దు దూర్చాక గానీ నేను పానా పట్టలేదు. ఒట్టి జాకీని నమ్మి ట్రక్కు కింద చెయ్యి పెట్టే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. చక్రం తీసి, మూత ఊడదీశాను. నట్టులో ఉండాల్సిన స్ప్లిట్ పిన్ను స్థానంలో ఎవరో మేకు వంచి పెట్టారు. అది లాగి, నట్టు విప్పి, వాషరు తీసి హబ్బు బయటికి లాగితే మాడిన గ్రీజు వాసన గుప్పుమంది. చిన్న బేరింగును డీజిల్లో కడిగాను. రోలర్లు నీలంగా కమిలి ఉన్నాయి. ఉక్కు ఆ రంగుకొచ్చిందంటే వేడికి దాని పదును పోయినట్టే. గన్నుతో కొట్టిన కొత్త గ్రీజంతా హబ్బు మధ్య ఖాళీలో ముద్దగా ఉంది, రోలర్ల దాకా చేరనేలేదు. కొట్టిన జోరుకు వెనక సీలు కూడా చిట్లింది.

బాబాయ్ ఆ బేరింగు చేతిలోకి తీసుకుని, చాలాసేపు తిప్పి చూసి, రెండో హబ్బు కూడా విప్పమన్నారు.

చెడ్డ బేరింగు మార్చేటప్పుడు రోలర్లున్న కోను ఒక్కటే మార్చి పాత కప్పు హబ్బులోనే ఉంచేస్తుంటారు కొందరు. గుంటలు పడ్డ కప్పు కొత్త రోలర్లను వెంటనే తినేస్తుంది, జత మొత్తం మార్చాలి. పాత కప్పును ఇత్తడి కడ్డీతో ఆ పక్కా ఈ పక్కా మార్చి మార్చి తట్టి దించాలి. బాగున్న బేరింగులను మళ్లీ వాడుకోవచ్చు గానీ, ఏ హబ్బువి ఆ హబ్బులోకే వెళ్లాలి. కడిగాక కంప్రెసరు గాలితో గిర్రున తిప్పే సరదా వద్దు, రోలరు ఎగిరితే కన్ను పోతుంది. గ్రీజు వేళ్లతో ఒత్తి రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఎక్కించాలి. పాత రకం మీద వేరే రకం గ్రీజు కలపకూడదు. సీలు మాత్రం ప్రతిసారీ కొత్తదే.

అన్నిటికన్నా పనితనం తెలిసేది నట్టు దగ్గర. చక్రం తిప్పుతూ బిగిస్తే రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత నట్టును వెనక్కి వదిలి, చేతి వేళ్లతో మళ్లీ ఆనించి, పిన్ను దూరే గాడి దగ్గర ఆపాలి. గట్టిగా ఉంటే మంచిదని బారెడు పైపు తొడిగి బిగించేవాళ్లున్నారు. ఆ బిగింపుకే బేరింగు మాడుతుంది. మొదటి బరువు ట్రిప్పులో కొంత దూరం వెళ్లాక దిగి హబ్బు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చన పరవాలేదు, చెయ్యి నిలవనంత కాలితే అక్కడే ఆపెయ్యాలి.

ట్రాక్టరుకు గంటల మీటరు ఉంది, సర్వీసు పుస్తకం ఉంది. ట్రక్కుకు ఈ రెండూ లేవు. మన ప్రాంతంలో చాలా ట్రక్కులు ఊరి వెల్డింగు షెడ్లలో తయారైనవే. పాత లారీ ఇరుసు వేశారో, కొత్తది వేశారో కొన్నవాడికి తెలియదు. అందులో ఏ నంబరు బేరింగు ఉందో, ఏ సైజు సీలు ఉందో రాసిచ్చేవారు లేరు. బేరింగు మీద 32211 అని ఉంటే లోపలి రంధ్రం 55 మిల్లీమీటర్లు, చివరి రెండంకెలను అయిదుతో హెచ్చవేస్తే వచ్చే లెక్క అది. ఆ నంబరు ముందే తెలిస్తే రైతు బిల్లు మీద అసలు సరుకు తెచ్చుకుని ఉంచుకుంటాడు. తెలియకపోతే బండి దారిలో ఆగిన రాత్రి దొరికిందే తగిలించుకుంటాడు.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని నిబంధన ఉంది. అయినా కోతల రోజుల్లో బస్తాల మీద కూలీలు కూర్చునే ఇళ్లకు వస్తున్నారు. చీకట్లో కాలవ గట్టు మీద చక్రం ఊడితే ఆ బండిలో ఉన్నవాళ్ల గతేమిటో ఆలోచించమని యజమానులను అడుగుతున్నాను.

వ్యవసాయ శాఖవారు కోతల ముందు మండలానికొక ట్రక్కు తనిఖీ శిబిరం పెట్టాలి. రైతు సేవా కేంద్రాల్లో విత్తనాలు, ఎరువుల సంగతి చెప్పినట్టే ఇది కూడా చెప్పాలి. ట్రక్కులు తయారుచేసే షెడ్లవాళ్లు అమ్మేటప్పుడు బేరింగు, సీలు నంబర్లు చాసిస్ మీద పెయింటుతో రాసివ్వాలి, కొనేవాళ్లు అడిగి రాయించుకోవాలి. ఇక రైతులకు నా మనవి: ఈసారి కోతలకు ముందు ఒక పూట ట్రక్కును షెడ్డులో వదలండి. హబ్బులు విప్పుతున్నంతసేపూ దగ్గరే ఉండండి. పాత పిన్ను మళ్లీ పెట్టనివ్వకండి.