నవజాత శిశువులలో సర్ఫాక్టంట్ ప్రోటీన్ల జీవక్రియ కొలత

నవజాత శిశువులలో సర్ఫాక్టంట్ ప్రోటీన్ల జీవక్రియ కొలత అనేది, ఊపిరితిత్తులు ఈ ప్రోటీన్లను ఎంత వేగంగా తయారు చేసుకొంటున్నాయో, ఎంత వేగంగా కోల్పోతున్నాయో తెలిపే పరిశోధనా పద్ధతి. సర్ఫాక్టంట్ వాయుగోణుల లోపలి తడిపొర తలతన్యతను తగ్గించి, ఊపిరి వదిలినపుడు అవి ముడుచుకుపోకుండా కాపాడుతుంది. ఇందులో సుమారు 90 శాతం కొవ్వు పదార్థాలు. మిగిలిన ప్రోటీన్లలో ఎ, బి, సి, డి అని నాలుగు రకాలున్నాయి. వీటిలో 'బి' బొత్తిగా లేని శిశువు బ్రతకడం చాలా అరుదు.

నెలలు నిండని శిశువుల శ్వాసకష్టానికి సర్ఫాక్టంట్ కొరతే కారణమని 1959లో మేరీ ఎల్లెన్ ఏవరీ, జెరె మీడ్ చూపారు. 1980లో జపానులో ఫుజివారా బృందం పశువుల ఊపిరితిత్తుల నుండి తీసిన సర్ఫాక్టంటుతో పదిమంది శిశువులకు చికిత్స చేసింది.

'''కొలిచే విధానం'''

తొట్టిలో నీటిమట్టం చూసినంత మాత్రాన ఎంత వచ్చి చేరుతున్నదో, ఎంత పోతున్నదో తెలియదు. వచ్చే నీటిలో రంగు కలిపితే తెలుస్తుంది. ఇక్కడ రంగుకు బదులు కార్బన్-13 ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని 24 గంటలపాటు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. కార్బన్-13కు రేడియోధార్మికత లేదు. ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం అదే. తరువాత శ్వాసనాళపు గొట్టం నుండి ఎలాగూ తీసి పారవేసే స్రావాన్ని సేకరించి, అందులోని ప్రోటీన్‌లో గుర్తు ఎపుడు కనిపించిందో, ఎపుడు తగ్గిందో మాస్ స్పెక్ట్రోమీటరుతో లెక్కిస్తారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆరన్ హామ్వాస్ బృందం గుర్తు ఉన్న ల్యూసిన్‌తో 'బి' ప్రోటీన్‌ను కొలిచింది.

అయితే గొట్టం వేసిన శిశువు నుండే ఈ స్రావం దొరుకుతుంది. ఆరోగ్యవంతమైన బిడ్డతో సరిపోల్చడం అందుకే కష్టం. పైగా ఇపుడు వైద్యులు వీలైనంతవరకు గొట్టం వేయకుండా ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందిస్తున్నారు. చికిత్స మెరుగైన కొద్దీ కొలతకు దారి మూసుకుపోతున్నదన్నమాట!

'''హైదరాబాదు తూర్పు ప్రాంతంలో'''

ఎల్.బి.నగర్‌లో కామినేని వంటి ప్రైవేటు ఆసుపత్రులు, వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు పేద కుటుంబాలకు పెద్ద దిక్కు 1953 నుండి పనిచేస్తున్న నిలోఫర్ ఆసుపత్రి. 2022లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వేయి పడకల ప్రభుత్వ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మాస్ స్పెక్ట్రోమీటర్లు నగరానికి కొత్త కావు, తార్నాకలోని ఐ.ఐ.సి.టి., హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. వాటిని వాడుతున్నాయి. కొరత యంత్రానిది కాదు, ఆసుపత్రికీ ప్రయోగశాలకూ మధ్య సంబంధానిది.

ఈ కొలత ఎక్కువగా ఉపయోగపడేది నెలలు నిండి పుట్టినా కారణం తెలియకుండా ఊపిరి అందని శిశువుల విషయంలో. 'బి' లోపం తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు వస్తేనే కలుగుతుంది కనుక, మేనరికాలున్న మన కుటుంబాలలో దానిని మరువరాదు. నెలలు నిండని వారికి మాత్రం ముందుగా కావలసింది వేరు: కాన్పుకు ముందు తల్లికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు, ఒక్కొక్కటి 6 మిల్లీగ్రాములు. మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం.లు కూడా ఇవ్వవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2014లో అనుమతించింది.