మేఘానికి తాళం వేస్తారా?

"ఫోను కొంటే మేఘం ఉచితం" అని అమ్మేవారు చెబుతున్నారు. మా ఐరాల దాకా వచ్చిందీ మాట. నా వాదం దీనికి పూర్తిగా విరుద్ధం. ఏ యంత్రం ముందు కూర్చున్నా బ్రౌజరు తెరిచి మన రచనను మనం చేరుకోగలిగితేనే అది మేఘసేవ. ఒక్క ఫోనుకు, అందులోని ఒక్క యాప్‌కు లోబడినది తాళం వేసిన పెట్టె మాత్రమే.

2011 జూన్‌లో ఈ రెండు మార్గాలూ ఎదురెదురుగా నిలిచాయి. తన యంత్రాలన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపే ఐక్లౌడ్‌ను ఆపిల్ ప్రకటించింది. సర్వం బ్రౌజరులోనే అనే గూగుల్ వారి క్రోమ్‌బుక్‌లు అదే నెలలో అమ్మకానికి వచ్చాయి. తరువాత ఇరువురూ ఒకరి దారిలోకి ఒకరు కొంత వచ్చారనుకోండి.

తెలుగువారికి ఈ తగవు కొత్తది కాదు. అను ఖతులతో కూర్చిన పుటను ఆ ఖతులు లేని కంప్యూటరులో తెరిస్తే కనబడేది పిచ్చిగీతలే. పుస్తకం ఉండీ లేనట్లే! యూనికోడు వచ్చాక, వీవెన్ గారు లేఖినిని రూపొందించాక, నెట్ సెంటరులో గంటసేపు కూర్చున్నవాడు కూడా ఏమీ ఎక్కించుకోకుండానే తెలుగు వ్రాయగలిగాడు. ఈనాటి యాప్‌లు మనలను మళ్ళీ ఖతుల కాలానికి ఈడుస్తున్నాయి.

నా సహోపాధ్యాయులొకరు ఐదేళ్ళు శ్రమించి సేకరించిన మన ప్రాంతపు మాండలిక పదాలు ఒక యాప్‌లో ఉండేవి. ఫోను చెరకుతోటలో పోయింది. కొత్త ఫోనులో ప్రవేశించబోతే, పాత ఫోనులో అనుమతి నొక్కమన్నదట. పోయిన ఎద్దునే తోలుకొచ్చి సాక్ష్యం చెప్పించమన్నట్లుంది!

"అయివోరూ, మా గుట్ట కింద సిగ్నలే రాదు గదా" అంటాడొక పూర్వవిద్యార్థి. అతని మాట త్రోసివేయదగినది కాదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు 5 లక్షలకు పైగా పంచింది. నెట్ లేకున్నా పాఠం నడుస్తుంది. కాని అది ట్యాబు ఉన్నవాడికే. అందులో తప్పు దొర్లితే ట్యాబు ట్యాబునూ వెదకి దిద్దాలి. ఆ సంస్థ 2024 జులైలో దివాలా ప్రక్రియలో పడింది, ఇక దిద్దేదెవరు? 2017లో మొదలైన దీక్షలోని పాఠమో, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది, ఒకచోట దిద్దితే అందరికీ దిద్దినట్లే. ఫోనులోకి దించుకుంటే గుట్ట కింద కూడా చదువుకోవచ్చు.

వెబ్ శాశ్వతమని నేననను. జియోసిటీస్ 2009లో, మన రచ్చబండకు నెలవైన యాహూ గ్రూపులు 2020లో మూతబడ్డాయి. అయితే ఆ మూసివేతలను ముందే చాటారు. వెబ్‌లో ఉండబట్టే జియోసిటీస్ పుటలకు పరులు సైతం నకళ్ళు తీయగలిగారు. ఫోను బావిలో పడేముందు ఎవరికి చాటుతుంది?

భద్రతే చాలుననేవారు తిరుమలలోని తాళ్ళపాక వారి రాగిరేకులను తలచుకోవాలి. 1922లో వెలికివచ్చేదాకా అవి అరలోనే ఉన్నాయి. లోహానికేమీ కాలేదు, పాటలే పెక్కుతరాలకు అందలేదు.

నా వద్దకు ఏ యాప్ తెచ్చినా రెండే అడుగుతున్నాను. ఇందులో వ్రాసినది నెట్ సెంటరులో తెరుచుకుంటుందా? మొత్తాన్నీ సాదా యూనికోడు పాఠంగా దించుకోవచ్చునా? మొన్న వచ్చిన కుర్రవాడు రెండవదానికి కంపెనీని అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.