నకిల్ జాయింట్ వచ్చు, కణుపు రాదు

మొన్న సెలవులకు బోధన్ దగ్గరి మా ఊరికి పోయినప్పుడు మెషిన్ డిజైన్ పుస్తకం ముందేసుకుని నకిల్ జాయింట్ బొమ్మ గీస్తున్నా. తాత చూసి "గిదేందిరా?" అన్నాడు. రెండు కడ్డీలను పిన్నుతో కలిపితే వేలు లెక్క మడతపడుతుందని చెప్పిన. "అంటే కణుపన్నట్టు" అన్నాడు. నాకు ఆ మాట చెరుకు గడకే తెలుసు. తాత వేలు మడిచి చూపించాడు. ఇదీ కణుపేనట.

అప్పటి నుంచి చేతి మాటల వెంట పడ్డాను. నకిల్‌కు పాత అర్థం 'చిన్న ఎముక'. థంబ్ అంటే ఉబ్బినది, లావుగా ఉన్నది. రిస్ట్ అనే మాట మెలి తిరగడం నుంచి వచ్చింది. మనమేమో అక్కడ కట్టుకునే నగను చూసి మణికట్టు అన్నాం. ఇండెక్స్ అంటే లాటిన్‌లో చూపించేది, మన చూపుడు వేలూ అంతే. ఎల్బోలో ఉన్న 'ఎల్' మొదట ముంజేయి, తర్వాత బట్టల కొలత. ఆ కొలత ఇంగ్లీషు వాడుకలోంచి పోయింది. మన మూర మాత్రం పూలమ్మే దగ్గర ఇంకా బతికే ఉంది.

ఇక సీఎస్ఈ మిత్రులకు ఒక మాట. మీ 'డిజిటల్'కు మూలం లాటిన్ డిజిటస్, అంటే వేలు. వేళ్ళ మీద లెక్కపెట్టడం వల్లే అంకెకు డిజిట్ అని పేరొచ్చింది. మా తాత నాలుగు వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతూ పన్నెండు నెలలు లెక్కపెడతాడు. అదీ డిజిటలే కదా!

"చదువు ఇంగ్లీషులో, ఉద్యోగం ఇంగ్లీషులో, ఈ మాటలతో ఏం పని?" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. కణుపు తెలిసినవాడికి నకిల్ జాయింట్ ఒక్క నిమిషంలో అర్థమైంది. నాకు రెండు క్లాసులు పట్టింది.

పని పోతే మాట కూడా పోతది. చెరుకు ముక్క నాటితే మొలక వచ్చేది కణుపు దగ్గరున్న కన్ను నుంచే. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ మూతపడింది. మా చుట్టుపక్కల చెరుకు మడులు వరి మడులైనయ్. మా తమ్మునికి చెరుకంటే రసం బండి మాత్రమే. కణుపు అనే మాట వాడు ఎక్కడ వింటాడు?

ఫ్యాక్టరీ తెరిపించడం మన చేతుల్లో లేదు. మాట నిలబెట్టుకోవడం ఉంది. ఈసారి ఇంటికి పోయినప్పుడు జానెడు, బెత్తెడు, పిడికెడు, దోసెడు ఎంతెంతో పెద్దోళ్ళను చేత్తో చూపించమనండి. నోట్సులో నకిల్ జాయింట్ పక్కన 'కణుపు' అని రాసుకోండి. వైవాలో మాత్రం చెప్పొద్దు, మార్కులు పోతే నాది పూచీ కాదు!